మూత లోపలి గీతలు

ఎచ్చెర్ల,
9 జూన్ 2024.

మావయ్యకి యమున నమస్కారం.

మొన్న నీకు ఫోన్ చేస్తే నువ్వు అక్కడ "ఏటీ, ఏటీ" అని అరిచావు, నేనిక్కడ అరిచాను, ఆఫీసులో అందరూ నా వైపు తిరిగారు. రెండు చెవులూ పోయాక నీకు మిగిలింది కళ్లే కనక ఇకనుంచి ఉత్తరాలే రాస్తాను. యూనివర్సిటీ పరీక్షల సెక్షన్లో పని చేసేదానికి కాగితాలకు కరువేముంది.

అసలు సంగతి. నాలుగు నెలల్నించి నాకు పాత చేతివాచీల పిచ్చి పట్టింది. బ్యాటరీ లేనివి, రోజూ పొద్దున్నే కీ తిప్పాలి. మొదటిది ఫోన్లో చూసి కొన్నాను. ఎర్ర డయలు, తళతళా మెరుస్తోంది, యాభై ఏళ్ల నాటిది, అసలు రంగు అని రాశాడు అమ్మినవాడు. శ్రీకాకుళంలో లక్ష్ముడు అని పాత రిపేరు మేస్త్రీ ఉన్నాడు, డెబ్బై దాటాయి. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని ఒక్క నిమిషం చూసి, "ఏటమ్మా, ముసల్దానికి లంగా ఓణీ కట్టినారు" అన్నాడు. డయలుకి కొత్త రంగు పూసేశారట. అంకెల అంచులు చెమ్మ తగిలిన సిరాలా పాకి ఉన్నాయి. అప్పట్నించి ఆదివారాలు ఆయన దగ్గరే కూర్చుంటున్నాను. డయలు ఎలా చూడాలి, ముళ్లు దానివో వేరే వాచీవో ఎలా పోల్చాలి, వెనక మూత ఎలా విప్పాలి, ఒకటొకటీ చెప్తున్నాడు. తిట్లు ఎక్కువ, పాఠం తక్కువ.

చావు జరిగిన ఇళ్లలో నువ్వు పురాణం చదివితే దానం మూటల్లో వాచీలు కూడా వచ్చేవని అమ్మ చెప్పింది. నువ్వు పెట్టుకోవుగా. నాకిస్తావా? ఒక్కటే షరతు. ఏది ఎవరిదో, ఏ సంవత్సరం నీ దగ్గరికొచ్చిందో రాసివ్వాలి. కథ తెలియని వాచీ సగం వాచీ అంటాడు లక్ష్ముడు.

నీ మేనకోడలు,
యమున

*

నౌపడ,
17 జూన్ 2024.

చిరంజీవి యమునకి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు సంతోషంగా చదివాను. మూడోసారి కోపంగా చదివాను. ఒసే, పొద్దెంత అయిందో తెలుసుకోడానికి ఒక వాచీ చాలదా? రెండో వాచీ కట్టుకున్నవాడికి రోజుకి నలభై ఎనిమిది గంటలు ఇస్తాడా సూర్యభగవానుడు? కూడబెట్టే చెయ్యి ముడుచుకుంటుంది, ముడుచుకున్న చేతిలో దేవుడు ప్రసాదం పెట్టలేడు. ఈ మాట నేను టెక్కలి నుంచి సోంపేట దాకా ముప్పై ఏళ్లుగా మైకులో చెప్తున్నాను, సొంత చెల్లెలి కూతురికి చేరలేదు.

శమంతకమణి సంగతి ఎన్నిసార్లు చెప్పాను నీకు? మెళ్లో వేసుకుని వేటకెళ్లినవాణ్ణి సింహం చంపింది. సింహాన్ని భల్లూకం చంపింది. నింద మాత్రం ఎవరిమీద పడింది? దాన్ని వేలితోనైనా ముట్టని స్వామి మీద. వస్తువు చేతులు మారుతూ పోతుంది, నింద ఎక్కడో వచ్చి వాలుతుంది. ఉప్పు మడుల్లో మేస్త్రీగా పనిచేస్తూ, ఐదో తరగతి చదువుతో, కూడబలుక్కుని నేర్చుకున్న పురాణం ఇది. మరిచిపోకు.

అయినా అడిగావు, ఇస్తున్నాను. నా ప్రవచనాలకి మైకు పెట్టే దాలయ్య శ్రీకాకుళం వస్తున్నాడు, వాడి చేత పంపుతున్నాను. మూడున్నాయి. తోలు పట్టాది నాది, 1984లో కొన్నాను, మడుల్లో ఉన్నంతకాలం కట్టాను. తెల్ల డయలుది సూరయ్య ఇంటి దానం, 1998లో వాడు పోయినప్పుడు ఇచ్చారు. నల్ల డయలుది కూడా ఆ ఇంటిదే.

నాలుగోది లేదు. ఇంక దీని గురించి అడగకు.

మావయ్య

*

ఎచ్చెర్ల,
7 జూలై 2024.

మావయ్యకి నమస్కారం.

నువ్వు తిట్టిన తిట్లు లక్ష్ముడికి చదివి వినిపించాను. "మీ మావ గట్టోడే" అని ముచ్చటపడ్డాడు.

నీ వాచీ మూత విప్పడానికే ఆయనకి గంట పట్టింది. ఉప్పుగాలికి మూత బిగుసుకుపోయింది. డయలు నిండా గోధుమ రంగు పొడలు. రంగు వేయిద్దామా అన్నాను, బుద్ధి లేక. ఆయన గయ్‌మన్నాడు. "ఉప్పు మడిలో నిలబడ్డ వాచీకి ఉప్పు మచ్చలుంటాయి, మల్లిపూలుంటాయేటి? తుడిసీసినావంటే అది మీ మావది కాదు, ఎవులిదో." అలాగే ఉంచాను. పొద్దున్న కీ ఇస్తే సాయంత్రందాకా నడుస్తోంది. సూరయ్యగారి దానికి గంటల ముల్లు వేరే వాచీది, మిగతాదంతా బాగుంది.

మూడోది అన్నిటికన్నా మంచిది. ఒక్క చుక్క తుప్పు లేదు, ఎవరూ కట్టకుండా బియ్యం డబ్బాలోనో ఎక్కడో దాచినట్టుంది. దాని మూత లోపలి వైపు సూదితో సన్నగా గీసిన గీతలున్నాయి. రిపేరు చేసిన ప్రతి మేస్త్రీ మూత విప్పినప్పుడు తన గుర్తూ తేదీ అక్కడ గీస్తాడట, మళ్లీ వాచీ వస్తే ఎప్పుడు నూనె వేశాడో తెలియాలి కదా. ఇందులో మూడు వరసలున్నాయి. అడుగుది చూసి లక్ష్ముడు భూతద్దం తీసేసి నవ్వాడు. "ఇది నా సెయ్యే." ల అంటే ఆయన. తర్వాత 12-2-10. తర్వాత నౌ, కూ. పల్లె వాచీలు తారుమారు కాకుండా ఊరి పేరూ సొంతదారు పేరూ మొదటి అక్షరాలు గీసేవాడట.

మావయ్యా, సూరయ్యగారు 1998లో పోతే 2010లో వాచీ రిపేరుకి తెచ్చిందెవరు? పైనుంచి దిగొచ్చారా? నీకు గుర్తు తప్పినట్టుంది. సరిగ్గా జ్ఞాపకం చేసుకుని రాయి.

యమున

*

నౌపడ,
15 జూలై 2024.

యమునకి,

ముసలి బుర్ర. ముప్పై ఏళ్లలో ఎన్ని చావులకు చదివానో నాకే లెక్క లేదు. ఎవరిదో ఒకరిది. చచ్చినవాళ్ల వాచీకి చరిత్ర అక్కర్లేదు.

ఆ మేస్త్రీ గీతలు రుద్దించేసెయ్. మూత లోపలా బయటా మెరుగు పెట్టించు. అతనికి ఇష్టం లేకపోతే ఇంకొకడి చేత చేయించు. అది కుదరదంటే దాలయ్య మళ్లీ వస్తాడు, వాడికిచ్చి పంపు.

పెద్దవాళ్లని బోనెక్కించి ప్రశ్నలడగడం ఎక్కడ నేర్చుకున్నావు? పరీక్షల ఆఫీసులోనా?

నారాయణమూర్తి

*

ఎచ్చెర్ల,
28 జూలై 2024.

మావయ్యకి,

నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో ఆశీస్సు లేనిది ఇదే మొదటిది. కింద సంతకం మావయ్య అని కాకుండా పేరు పెట్టావు. అది కూడా చూశాను. ఈ ఐదారు నెలల్లో నాకు అబ్బింది ఒక్కటే, చిన్న చిన్నవి చూడటం.

రుద్దించను. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి మాటే అది, గీత రుద్దితే వాచీ అబద్ధం చెప్తుంది.

కూ అంటే ఎవరో వారం రోజులు ఆలోచించాను. నిన్న జడ వేసుకుంటుంటే గుర్తొచ్చింది. 2010 వేసవి సెలవులు. నాకు పదిహేడేళ్లు, మీ ఇంట్లో ఉన్నాను. ఏప్రిల్లో కూర్మయ్య తాత పోయాడు, మీ వీధి చివర పెంకుటిల్లు. పది రోజులూ నువ్వే చదివావు. పన్నెండో రోజు ఆయన వాచీ కనబడలేదు. ఆ ఇంట్లో అంట్లు తోమడానికి పెట్టుకున్న గున్నమ్మ తీసిందన్నారు.

గున్నమ్మ నాకు రోజూ జడ వేసేది. "ఏటే ఇది, జుత్తా, జనుపనారా" అని మొట్టికాయ వేసి, ఆముదం పెట్టి దువ్వేది. ఆ వాచీ పోయిన మర్నాడు ఆవిడ మన పెరటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడితే నేను తలుపేశాను. నువ్వు దొంగ అన్నావు కాబట్టి వేశాను. తలుపు అవతల ఆవిడ చాలాసేపు నిలబడే ఉంది.

ఇది ఆ వాచీయేనా? అవును, కాదు, ఏదో ఒక ముక్క రాయి. నేనెవరికీ చెప్పలేదు, లక్ష్ముడిక్కూడా.

యమున

*

నౌపడ,
30 ఆగస్టు 2024.

యమునకి,

అవును.

ఈ ఒక్క ముక్క రాయడానికి నెల పట్టింది. ఇంత వాగే నోటికి, చెవులు పోయాక కూడా ఆగని నోటికి. ఇప్పుడు మిగతాది కూడా రాస్తాను. చివరిదాకా చదువు, మధ్యలో చింపెయ్యకు.

మా వాడలో ఆచారం నీకు తెలియదు. పురాణం చదివినవాడికి పన్నెండో రోజు ఒక మూట ఇస్తారు. గొడుగు, చెప్పులు, దుప్పటి, చెంబు, పోయినవాడు ఒంటిమీద వాడినది ఏదైనా ఒకటి. ఆ మూట నెల మాసికం దాటేదాకా విప్పకూడదు. గడప లోపలికి తేకూడదు. పోయినవాడి మనసు ఇంకా అందులో తిరుగుతూ ఉంటుందని. నేను దాన్ని తెచ్చి పశువుల సాలలో దూలానికి వేలాడదీశాను. ఎప్పుడూ చేసేదే.

ఆ సాయంత్రం పెద్దకొడుకు అసిరయ్య వాచీ వెతికాడు. లేదు. అందరినీ ఉప్పు మడుల దగ్గర రేకుల షెడ్డులోకి పిలిచారు. పన్నెండు రోజులూ ఆ గదిలోకి వచ్చి పోయింది నేనూ గున్నమ్మా. పెద్దలు నన్ను చూశారు. వాళ్లు నన్ను అనుమానించలేదు, చూశారంతే. ఆ చూపు నేను భరించలేకపోయాను. పుస్తకం మీద చెయ్యి వేసి చెప్పాను. ఆ వాచీ నా దగ్గర లేదు, నా ఇంట లేదు, ఉంటే నేను చదివిన నరకాలన్నీ నావే అన్నాను. ఇంకెవరూ అడగకముందే అన్నాను.

గున్నమ్మ ముందుకొచ్చింది. "నాకూ ఆ పుస్తకం ఇయ్యండి బాబూ, నేనూ పెమాణం సేస్తాను" అంది. చెయ్యి చాపింది. అంట్లు తోమి తోమి తెల్లగా నానిపోయిన చెయ్యి. నేను పుస్తకం వెనక్కి లాక్కున్నాను. "దొంగ చేత్తో ముట్టకు" అన్నాను. అంత జనంలో ఆ మాట అన్నది నేనే, ఇంకెవరూ కాదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ రుజువు చేయనక్కర్లేకపోయింది.

ఆ తర్వాత పద్దెనిమిదో రోజున నెల మాసికం అయింది, మర్నాడు మూట విప్పాను. దుప్పటి మడతలో తువ్వాలు, తువ్వాల్లో వాచీ. ముసలావిడ జగ్గమ్మ పెట్టి ఉంటుంది, మొగుడు ఒంటిమీద వాడింది పోవాలని. ఆవిణ్ణి మూల గదిలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. షెడ్డులో జరిగింది ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు. అడుగుదామని రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. అడిగితే చెప్పాలి కదా. ఆషాఢంలో ఆవిడ పోయింది. ఆవిడకీ నేనే చదివాను.

అప్పటికే గున్నమ్మని మడుల్లో ఏ కూలి ముఠా కలుపుకోవడం లేదు. పిల్లలు వాచీ గున్నమ్మ అని పిలవడం మొదలెట్టారు. ఇప్పటికీ ఊళ్లో ఆవిడ పేరు అదే. పొద్దున్నే రైలెక్కి పలాస జీడిపప్పు బట్టీలకి పోతుంది, సాయంత్రం తిరిగొస్తుంది. జీడి రసానికి వేళ్లు నల్లగా మాడిపోయాయి. పద్నాలుగేళ్లుగా ఆవిడ ఎదురైతే నేను వీధి మారాను.

ప్రమాణం చేసినప్పుడు నాకు తెలియదు. ఈ మాట నాకు నేను ఎన్నివేల సార్లు చెప్పుకున్నానో. తెలియక చేసింది ఒక్క సాయంత్రం, తెలిసీ దాచింది పద్నాలుగేళ్లు. అబద్ధపు సాక్ష్యానికి అవీచి అని ఒక నరకం ఉంది. కొండమీంచి తలకిందులుగా తోస్తారు. కింద నీళ్లలా కనిపిస్తుంది, ఒక్క అల ఉండదు. నీళ్లు కాదు, రాయి. పడ్డవాడు ముక్కలవుతాడు, చావడు, మళ్లీ పైకి ఎక్కిస్తారు. మన ఉప్పు మడులు ఎండలో ఎలా ఉంటాయో నీకు తెలుసు. అలలుండవు. ఆ పక్కనుంచి నడవని రోజు లేదు నాకు.

వాచీ నా ఇంట్లోంచి పోతే ఇదంతా పోతుందనుకుని నీకు పంపాను. పిల్లవి కదా, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఏదో ఒక రోజు స్టేషన్ దగ్గర గున్నమ్మ చెవిలో చెప్పేస్తాను. నలుగురిలో చెప్తే నా మాట మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు ఏమైపోతారు? దేవుడి మాట కూడా పోతుంది.

మావయ్య అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

*

ఎచ్చెర్ల,
8 సెప్టెంబరు 2024.

మావయ్యా,

చింపలేదు. చివరిదాకా చదివాను.

దేవుడి మాట పోతుందని నువ్వు రాసిన చోట నాకు ఒళ్లు మండింది. దేవుడు తన మాటకి నీ పరువుని కాపలా పెట్టాడా? పోయేది నీ మాట. దాన్ని దేవుడి మీదికి తోయకు. ఇన్నాళ్లూ గున్నమ్మ మీదికి తోశావు చాలు.

నువ్వు ఆవిణ్ణి చెవిలో దొంగ అన్లేదు. అంతమంది ముందు అన్నావు, పుస్తకం పక్కన పెట్టుకుని అన్నావు. అక్కడే చెప్పు, ఆ రేకుల కిందే. ఆవిడ వినేలా చెప్పు. చెవిలో చెప్పావంటే ఆవిడ ఇంకో రహస్యం మొయ్యాలి, అది కూడా నీదే.

నేను రాను. వస్తే నా కోసం చెప్పినట్టవుతుంది. నా వంతు నాకుంది. తలుపేసింది నేను. నేను వేరే వచ్చి ఆవిడతో మాట్లాడతాను, అది నీ ప్రవచనంలో కలవదు.

వాచీ దాలయ్య చేత పంపుతున్నాను. మూత వదులుగా పెట్టించాను, గోరుతో తీస్తే వస్తుంది. గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఇప్పటికీ నువ్వు మా మావయ్యవే. అందుకే ఇంత గట్టిగా రాశాను.

యమున

*

నౌపడ,
24 నవంబరు 2024.

యమునకి,

నువ్వు రాశాక దసరా పోయింది, దీపావళి పోయింది. నోరు రాలేదు. దాలయ్య ఒకటే అన్నాడు, పలక మీద రాసి చూపించాడు. "మైకు నేను పెడతాను, సెప్పాల్సింది నువ్వే." వాడికి నేనేమీ చెప్పలేదు. వాచీ చేతికిచ్చినప్పుడే నా మొహం చూశాడట.

మొన్న ఆదివారం, పదిహేడో తేదీ, కార్తీక ప్రవచనం పెట్టాను. గుళ్లో కాదు, రేకుల షెడ్డులో. ఎందుకక్కడ అని అందరూ అడిగారు. ముందు రోజు గున్నమ్మ ఇంటికెళ్లి రమ్మన్నాను. నా మొహం చూసి తలుపేసింది. ఆ తలుపు ముందు నేను కాసేపు నిలబడ్డాను. అయినా వచ్చింది. ఆదివారం బట్టీ సెలవు. జనంలోకి రాలేదు, కంచె దగ్గర నిలబడింది.

శ్లోకం చదవలేదు. మైకు పట్టుకుని మొత్తం చెప్పాను. మూట, దూలం, తువ్వాలు, పద్నాలుగేళ్లు. వెనక్కి లాక్కున్న పుస్తకం కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు నా గొంతు ఎంత వస్తోందో నాకు తెలియలేదు, మైకు మీద వేలు పెడితే అదురుతోంది. వాచీ తీసి మూత విప్పి అసిరయ్య చేతిలో పెట్టాను. వాడు గీతలు చూశాడు. తిరిగి నా చేతిలోనే పెట్టేసి, కంచె వైపు తల ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరిగింది నేను అనుకున్నది కాదు. ఉమ్ముతారనుకున్నాను. ఒకడొచ్చి నా కాళ్లకి దండం పెట్టాడు. ఇంకొకామె కళ్లు తుడుచుకుంది. దాలయ్య పలక మీద రాశాడు, "ఎంత గొప్ప మనసు అంటన్నారు." యమునా, నా జన్మలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. నా పాపాన్ని కూడా వాళ్లు నాకు పూలదండ చేసి వేసేస్తున్నారు. కంచె దగ్గరికి చూస్తే గున్నమ్మ వాళ్లనే చూస్తోంది.

అప్పుడు ముందుకొచ్చింది. నా ఎదుట నిలబడి మాట్లాడింది. పెదాలు కదలడం నాకు కనిపించింది, ఆవిడ మొహంలో కోపం లేదు, లెక్క చెప్తున్న మనిషిలా ఉంది. దాలయ్య పలక మీద రాశాడు, రెండుసార్లు తుడిచి రాయాల్సొచ్చింది. ఆవిడ మాటల్నే రాశాడు.

"ఆ రోజు ఈ రేకుల కింద నన్ను సూసినోల్లు నూరు మంది. ఈయాల నలబై మంది ఉన్నారు. సచ్చిపోయినోల్లకి ఎవులు సెప్తారు? ఊరొదిలి పోయినోల్లకి ఎవులు సెప్తారు? ఆలంతా గున్నమ్మ దొంగనుకునే పోనారు."

 

ప్రతి ఇంటికీ వెళ్లి చెప్తానన్నాను. పోయినవాళ్ల కొడుకులకి, కోడళ్లకి, వాళ్ల పటం ముందు నిలబడి చెప్తాను. వలస పోయినవాళ్ల ఇళ్లలో ఎవరుంటే వాళ్లకి చెప్తాను. ఆవిడ మళ్లీ ఏదో అంది. దాలయ్య రాశాడు. "నువ్వు సెప్పినావని నాకెలాగ తెలుస్తాది? నేనూ వస్తాను."

వస్తోంది. రోజూ పలాస బండి దిగి, అన్నం క్యారేజీ చేతిలో ఉండగానే నాతో నడుస్తుంది. నా పక్కన కాదు, నాలుగడుగులు వెనక. పలక పట్టుకుని దాలయ్య కూడా వస్తాడు. రోజుకి రెండిళ్లు. నేను గుమ్మంలో నిలబడతాను, లోపలికి రమ్మన్నా వెళ్లను. వాచీ తీసి మూత విప్పి చూపించి మొదలెడతాను. ఆవిడ గోడకి ఆనుకుని వింటుంది. నా గొంతు నాకు వినిపించదు కదా, సిగ్గేసిన చోట తగ్గిపోతోందట. అప్పుడు ఆవిడ చెయ్యి పైకెత్తుతుంది. ఆ నల్లబడ్డ వేళ్లు చూసి మళ్లీ మొదటినుంచి గట్టిగా చెప్తాను. నిన్న ఒక ఇంట్లో మూడుసార్లు ఎత్తింది.

సూరయ్య కొడుకు "పోన్లే మావా, పాత కత, ఇప్పుడెందుకు" అన్నాడట. గున్నమ్మ వాడితో ఏమందో దాలయ్యని అడిగి తెలుసుకున్నాను. "నీకు పాతదే. నేను దాంట్లోనే ఉన్నాను" అందట.

ఆవిడ నన్ను క్షమించలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. ప్రవచనాలు మానేశాను. ఎవరైనా అడిగితే ఇళ్లు పూర్తవనీ అంటున్నాను. ఇంకా నలభై ఒకటి ఉన్నాయి. కొన్ని సోంపేటలో, ఒకటి బొబ్బిలిలో. బొబ్బిలికి ఎలా వెళ్లాలో, బట్టీకి సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఆవిడే చూస్తోంది.

ఇవాళ ఆదివారం, ఇళ్లు లేవు, అందుకే రాస్తున్నాను. రేపు ఐదున్నరకి ఆవిడ బండి దిగుతుంది. ఆవిడ వచ్చేసరికి నేను స్టేషన్ బయట ఉండాలి. మొన్న ఐదు నిమిషాలు ఆలస్యమైతే నా కోసం ఆగకుండా మొదటి ఇంటి గుమ్మం ముందుకి వెళ్లి నిలబడింది. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. నేను వచ్చి చెప్పేదాకా నిలబడే ఉంది.

మావయ్య